ఢిల్లీలో ఐదు రోజుల కాపురం

ఏదైనా పెద్ద ఊరికి వెళ్లాలనుకున్నప్పుడు మనం ముందుగా అక్కడ ఏమేమి చూడాలో లెక్క వేసుకుంటాం. ఎక్కడ దిగాలన్న సంగతి చివరికి వదిలేస్తాం. "రాత్రి పడుకోవడానికే కదా, ఏదో ఒక గది దొరక్కపోతుందా!" అనుకుంటాం. ఒంటరిగా వెళ్లేవారికి ఈ మాట సరిపోతుంది. ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్న కుటుంబానికి సరిపోదు. అలాంటి కుటుంబం రోజులో ఊరు చూసేది ఆరేడు గంటలే. మిగిలిన పదిహేడు, పద్దెనిమిది గంటలు గడిచేది బసలోనే. బస సరిగా లేకపోతే చూసిన ఊరు కూడా మనసుకు పట్టదు.

మన పెద్దలకు ఈ విషయం బాగా తెలుసు. పెళ్లికి మగపెళ్లివారు తరలివస్తే వారికి చూపించేది గది కాదు, విడిది ఇల్లు. అందులో స్నానాలకు నీళ్లు ఉంటాయి. ముసలివాళ్లు నడుం వాల్చడానికి ఒక మూల ఉంటుంది. అందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక వసారా ఉంటుంది. తీర్థయాత్రలకు వెళ్లేవారికి సత్రాలు ఉండేవి. ఉత్తర భారతదేశంలో బాటసారులు దిగే చోటును సరాయి అనేవారు. ఢిల్లీలో సరాయ్ కాలే ఖాన్, యూసుఫ్ సరాయ్, బేర్ సరాయ్ అనే పేట్ల పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. నేడు నగరాల్లో కొద్ది రోజులకు అద్దెకు ఇచ్చే ఇళ్లు, సర్వీస్ అపార్ట్‌మెంట్లు ఆ పాత విడిది ఇళ్లకు కొత్త రూపాలే అనుకోవచ్చు. హాలు, పడకగదులు, వంటగది ఉన్న ఇంటిని సామానుతో సహా నాలుగైదు రోజులకు ఇస్తారు. అలాంటి ఇంటిని మా కుటుంబం ఎలా ఎంచుకుందో, అందులో ఎలా గడిపిందో మీకు చెబుతాను.

మా ప్రయాణం

మాది కాజీపేట. మా మామయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేశారు. ఢిల్లీ వెళ్లే బండి రోజూ మా ఊరి మీదుగానే పోతుంది. ఒకప్పుడు దాన్ని ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ అనేవారు, ఇప్పుడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అంటున్నారు. నలభై ఏళ్లుగా ఆ బండి కూత వింటున్న మా అత్తమ్మ ఒక్కసారి కూడా అది ఎక్కలేదు. మామయ్య ఉన్నప్పుడు "రిటైరయినంక పోదాం" అనేవారట. రిటైరయిన రెండేళ్లకే ఆయన పోయారు.

మేం బయలుదేరేనాటికి అత్తమ్మకు డెబ్బై రెండేళ్లు. మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. షుగరు వల్ల రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తీసుకోవాలి. "ఈ ఏడు పోకుంటే ఇగ పోలేను బిడ్డా" అని ఆమె ఒకరోజు నాతో అంది. అందుకే 2023 దసరా సెలవుల్లో ప్రయాణం పెట్టుకున్నాం. సద్దుల బతుకమ్మ నాటికి తిరిగి ఇంట్లో ఉండాలన్నది ఆమె పెట్టిన ఒకే ఒక షరతు.

మొత్తం ఎనిమిది మందిమి. అత్తమ్మ, మా ఆయన, నేను, మా ఇద్దరు పిల్లలు, మా ఆడబిడ్డ, ఆమె భర్త, వాళ్ల ఏడాదిన్నర బాబు. నేను ఇంటి దగ్గరే కుట్టుమిషను నడుపుతాను. ప్రయాణానికి పెట్టిన డబ్బులో సగం నేను పొదుపు సంఘంలో దాచినది. కాబట్టి ప్రతి రూపాయికీ లెక్క చూడవలసిన అవసరం నాకు ఉంది.

గదులా, ఇల్లా?

మా ముందు రెండు దారులు ఉన్నాయి. స్టేషనుకు దగ్గరగా పహాడ్‌గంజ్‌లో ఒక హోటలులో మూడు గదులు తీసుకోవచ్చు. లేదా కాస్త దూరంగా లాజ్‌పత్ నగర్‌లో మూడు పడకగదుల ఇల్లు తీసుకోవచ్చు. దేశ విభజన తర్వాత పశ్చిమ పంజాబు నుంచి వచ్చిన కాందిశీకుల కోసం ఏర్పడిన పేట అది. అక్కడ చాలా ఇళ్లు అంతస్తుకు ఒక వాటా చొప్పున కట్టి ఉంటాయి.

హోటలు వారు గదికి రోజుకు 2,400 రూపాయలు అడిగారు. మూడు గదులకు ఐదు రాత్రులకు 36,000 రూపాయలు. ఇంటికి రోజుకు 5,800 చొప్పున 29,000, శుభ్రం చేయడానికి 1,500, మొత్తం 30,500 రూపాయలు. తేడా 5,500 రూపాయలు. అయితే ఇల్లు దూరం కాబట్టి టాక్సీలకు, మెట్రోకు ఇంకో రెండు వేలు ఎక్కువ అవుతాయి. అంటే మిగిలేది 3,500 రూపాయలే. డబ్బు ఒక్కటే చూస్తే ఇది పెద్ద తేడా కాదు.

అసలు తేడా అత్తమ్మ చెప్పిన ఒక మాటలో ఉంది. ఇంతకు కొన్నేళ్ల ముందు ఆమె బంధువులతో ఒక యాత్రకు వెళ్లింది. లాడ్జిలో అందరికీ ఒకే అంతస్తులో గదులు దొరకలేదు. ఆమెకు మూడో అంతస్తులో గది ఇచ్చారు. రాత్రి దీపం స్విచ్ ఎక్కడుందో తెలియలేదు. ఎవరినైనా పిలుద్దామంటే గదిలోని ఫోను పనిచేయలేదు. చీకట్లో బాత్‌రూముకు వెళ్లవలసి వస్తుందన్న భయంతో ఆమె రాత్రంతా గుక్కెడు నీళ్లు తాగకుండా పడుకుంది. ఈ సంగతి మాకు ఎప్పుడూ చెప్పలేదు. గదుల గురించి మేం మాట్లాడుకుంటుంటే విని అప్పుడు చెప్పింది.

గమనించండి. హోటలులో మూడు గదులంటే మూడు మూసిన తలుపులు. ఆ తలుపుల మధ్య ఒక నడవా. ఎనిమిది మంది కలిసి కూర్చోవాలంటే ఎవరో ఒకరి మంచం మీద సర్దుకోవాలి. ఇంట్లో అయితే తలుపులన్నీ ఒకే హాలులోకి తెరుచుకుంటాయి. అర్ధరాత్రి అత్తమ్మ పిలిస్తే పక్కగదిలోని నాకు వినిపిస్తుంది. ఆమె ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఫ్రిజ్ కూడా ఉంటుంది. వాడని ఇన్సులిన్ సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. మేం మాట్లాడిన హోటలు గదుల్లో ఫ్రిజ్ లేదు.

వంటగది ఎవరిది?

ఇల్లు తీసుకుందామని దాదాపు నిర్ణయమయ్యాక మా ఆయన ఒక మాట అన్నారు. "వంటగది కూడా ఉంది కాబట్టి తిండి ఖర్చు తగ్గుతుంది." ఆ మాటకు నేను ఒప్పుకోలేదు. "ఆ తగ్గేది ఎవరి కష్టంతో?" అని అడిగాను.

నా ఉద్దేశం మీకు అర్థమయ్యే ఉంటుంది. కాజీపేటలో పొద్దున ఐదింటికి పొయ్యి వెలిగించే మనిషి ఢిల్లీలోనూ ఐదింటికే వెలిగిస్తే, ఆమెకు అది విహారయాత్ర కాదు. ఒక వంటగదిలోంచి ఇంకో వంటగదిలోకి మారడం మాత్రమే. పైగా కొత్త పొయ్యి, కొత్త గిన్నెలు, ఉప్పు ఎక్కడుందో తెలియదు. మా ఆడబిడ్డ ఏమీ అనలేదు గాని, ఆమె మనసులోనూ అదే అనుమానం ఉందని ముఖం చూస్తే తెలిసింది. ఏడాదిన్నర బాబుతో ఆమెకు ఏడాదిన్నరగా సరైన నిద్ర లేదు.

"అయితే హోటలే తీసుకుందాం, ఎవరికీ బాధ ఉండదు" అన్నారు మా ఆయన కొంచెం కోపంగా. అదీ కుదరదు. అత్తమ్మ పొద్దున ఇన్సులిన్ తీసుకున్న అరగంటలో ఏదైనా తినాలి. ఆలస్యమైతే కళ్లు తిరుగుతాయి. బయట టిఫిను దొరికేదాకా ఆమె ఆగలేదు. బాబుకు రాత్రి పాలు కాచాలి. అంటే వంటగది కావాలి. కాని అది నా మెడకు చుట్టుకోకూడదు.

అప్పుడు అత్తమ్మే కల్పించుకుంది. "నా కోసం పొయ్యి కావాలె, నిజమే. కని పొయ్యి కాడ కోడలే నిలబడాలని ఏడ రాసి ఉంది? చాయ పెట్టుడు నా కొడుక్కు రాదా?" అంది. అందరం నవ్వాం. మా ఆయనా నవ్వారు.

ఆ రాత్రి మా అమ్మాయి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చించి, ఎవరి పని ఏదో రాసింది. పొద్దున టీ, పాలు, ఉప్మా మా ఆయనవీ, ఆడబిడ్డ భర్తవీ. మధ్యాహ్నం భోజనం బయటే. రాత్రి కుక్కరులో అన్నం, పప్పు. అది ఒకరోజు నేను, ఒకరోజు ఆడబిడ్డ. కూర బయటినుంచి తెచ్చుకోవాలి. తిన్న పళ్లెం ఎవరిది వారే కడగాలి. నీళ్ల సీసాలు నింపడం, చెత్త బయట పెట్టడం పిల్లల పని. అత్తమ్మ తనకూ పని రాయమంది. కూరగాయలు తరగడం అని రాశాం.

ఇంటి అద్దె గురించి మేం నాలుగు రోజులు మాట్లాడుకున్నాం. ఈ కాగితానికి అరగంట పట్టింది. కాని ఇల్లు మాకు పనికివచ్చింది ఈ కాగితం వల్లే.

ముందుగా అడిగి తెలుసుకున్నవి

ఇల్లు ఖాయం చేసుకునేముందు మేం యజమానిని ఫోనులో చాలా ప్రశ్నలు అడిగాం. మీకూ ఉపయోగపడతాయని ఇక్కడ చెబుతున్నాను.

మొదటిది, ఏ అంతస్తు? ఢిల్లీలో పాత ఇళ్లకు చాలా చోట్ల లిఫ్టు ఉండదు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి రెండో అంతస్తు అంటే రోజుకు రెండుసార్లు శిక్ష. మేం గ్రౌండ్ ఫ్లోరే కావాలన్నాం.

రెండోది, ఇల్లు ఎంత పెద్దది? "1,200 చదరపు అడుగులు" అన్నారు. ఈ అంకెను చూసి మోసపోకూడదు. అందులో మెట్లు, గోడల మందం, బాల్కనీ కూడా కలిసి ఉండవచ్చు. 2016లో వచ్చిన స్థిరాస్తి చట్టం ప్రకారం బయటి గోడలు, బాల్కనీ కలపకుండా ఇంటి లోపల వాడుకోగల నేలనే కార్పెట్ ఏరియా అంటారు. అడగవలసింది దాన్ని. అంతకన్నా తేలిక పద్ధతి ఒకటి ఉంది. హాలు పొడవు, వెడల్పు అడగండి. మాకు చెప్పిన హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. అంటే 192 చదరపు అడుగులు. ఎనిమిది మంది కింద చాప వేసుకుని కూర్చుని తినడానికి అది చాలు.

మూడోది, బాత్‌రూములు ఎన్ని, ఎలాంటివి? ఎనిమిది మందికి ఒకటే అయితే పొద్దున బయలుదేరేసరికి మధ్యాహ్నమవుతుంది. మా ఇంట్లో రెండు ఉన్నాయి. అత్తమ్మ కింద కూర్చోలేదు కాబట్టి కుర్చీ లాంటి కమోడ్ ఉందో లేదో అడిగాం. నీళ్లు రోజంతా వస్తాయా, వేడినీళ్ల గీజరు పనిచేస్తుందా అని కూడా అడిగాం.

నాలుగోది, ఎన్ని గంటలకు ఇల్లు ఇస్తారు, ఎన్ని గంటలకు ఖాళీ చేయాలి? కాజీపేటలో ఉదయం ఎక్కితే బండి మర్నాడు ఉదయం ఢిల్లీ చేరుతుంది. చాలామంది మధ్యాహ్నం పన్నెండుకో, రెండుకో గాని ఇల్లు ఇవ్వరు. రాత్రంతా రైలులో వచ్చిన ముసలిమనిషి అంతసేపు వీధిలో కూర్చోలేదు. మేం ముందే మాట్లాడుకోవడం వల్ల పదింటికి తాళం ఇచ్చారు. తిరుగు బండి సాయంత్రం కాబట్టి సామాను ఎక్కడ పెట్టుకోవాలో కూడా అడిగాం.

ఐదోది, చెప్పిన ధరలో అన్నీ కలిసి ఉన్నాయా? శుభ్రం చేసే ఖర్చు, కరెంటు, గ్యాసు, పన్ను వేరుగా ఉంటాయా? మేం వెళ్లినప్పుడు రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న హోటలు గదుల మీద పన్ను 12 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి ఎంతో అడిగి, ఆ అంకెను రాతలో తీసుకోవడం మంచిది.

ఇక చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ ఇల్లు నిజంగా ఉందా? ఫోటోలు ఎవరైనా పంపవచ్చు. పూర్తి డబ్బు ముందుగా అడిగేవారిని నమ్మకూడదు. మా ఊరి అబ్బాయి ఒకడు ఢిల్లీలో చదువుకుంటున్నాడు. అతన్ని వెళ్లి చూసి రమ్మన్నాం. ఇల్లు బాగుందని, అయితే బాత్‌రూము గడప నాలుగంగుళాల ఎత్తు ఉందని అతను చెప్పాడు. ఆ గడప ఏ ఫోటోలోనూ కనిపించలేదు. అక్కడ రాత్రిపూట చిన్న దీపం వెలిగించి ఉంచాలని మేం ముందే అనుకున్నాం. తెలిసినవారు లేకపోతే యజమానిని వీడియో ఫోనులో ఇల్లంతా చూపించమని అడగవచ్చు. దాచేది లేనివారు చూపిస్తారు.

ఆ ఐదు రోజులు

మొదటి రోజు ఉప్మా ఉండలు కట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. అత్తమ్మ మాత్రం సమయానికి తిన్నది.

రెండో రోజు ఆదివారం. లాజ్‌పత్ నగర్ నుంచి వయొలెట్ లైను మెట్రోలో ఎక్కడా మారకుండా ఎర్రకోట స్టేషనుకు వెళ్లవచ్చు. ప్రతి ఆగస్టు 15న టీవీలో చూసే కోట గోడను అత్తమ్మ చాలాసేపు నిలబడి చూసింది. షాజహాన్ కట్టించిన ఆ కోట 1648లో పూర్తయిందని మా అబ్బాయి బోర్డు చదివి చెప్పాడు. "మీ తాత ఉంటే ఎంత ఎత్తుందో కొలిచేటోడు" అంది ఆమె.

ఆ రాత్రే బాబుకు జ్వరం వచ్చింది. తెల్లవారి వీధి చివరనున్న పిల్లల డాక్టరుకు చూపిస్తే, రెండు రోజుల్లో తగ్గుతుందని మందు ఇచ్చాడు. ఎలాగూ సోమవారం ఎర్రకోట, జాతీయ మ్యూజియం వంటివి మూసి ఉంటాయి. ఆరోజు ఇంటి పట్టునే ఉన్నాం. హోటలు గదిలో అయితే మా ఆడబిడ్డ ఏడ్చే పిల్లవాడితో ఒంటరిగా నాలుగు గోడల మధ్య కూర్చునేది. ఇక్కడ బాబును హాలులో ఒకరి తర్వాత ఒకరం ఎత్తుకున్నాం. ఆమె లోపలిగదిలో తలుపు వేసుకుని నాలుగు గంటలు నిద్రపోయింది. లేచి వచ్చి, "నేను ఢిల్లీలో చూసిన గొప్ప వింత ఇదే వదినా" అంది నవ్వుతూ.

మంగళవారం పొద్దున మగవాళ్లిద్దరూ లేవలేదు. నేను అలవాటు ప్రకారం పొయ్యి వైపు నడిచాను. అత్తమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తలుపు కొట్టి కొడుకును పిలిచింది. ఆయన కళ్లు నులుముకుంటూ వచ్చి పాలు పొయ్యి మీద పెట్టారు. ఆ పూట నేను వరండాలో కూర్చుని ఎవరో పెట్టిచ్చిన టీ తాగుతూ వీధిని చూశాను. ఎదురింటి ముసలాయన మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. కుతుబ్‌మీనారు, ఇండియా గేటు కూడా చూశాం గాని, ఆ వీధి నాకు ఇంకా బాగా గుర్తుంది.

రాత్రిళ్లు హాలులో చాప వేసుకుని తినేవాళ్లం. తిన్నాక ఎవరూ వెంటనే లేచేవారు కాదు. అలా కూర్చున్నప్పుడే అత్తమ్మ మామయ్య సంగతులు చెప్పింది. వానాకాలం రాత్రుళ్లు పట్టాల వెంట లాంతరు పట్టుకుని నడిచిన రోజులు, జీతం రోజున తెచ్చే జిలేబీ పొట్లం. ఇవి మా పిల్లలే కాదు, ఆయన కొడుకు కూడా అంతకుముందు వినలేదు. ఆ ఇంట్లో మేం డబ్బిచ్చి తీసుకున్న చోటులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ చాప పరిచిన నేల.

ఎవరికి ఏది?

ఇల్లే ఎప్పుడూ మంచిదని నేను అనను. భార్యాభర్తలిద్దరే ఒక్క రాత్రికి వెళితే ఒక గది చాలు. తెల్లవారుజామున బండి ఎక్కాలంటే స్టేషను పక్క హోటలే నయం. హోటలులో ఏ అర్ధరాత్రి పిలిచినా ఎవరో ఒకరు ఉండాలి. ఇంట్లో బల్బు పోయినా యజమాని వచ్చేదాకా ఆగాలి. ముగ్గురు, నలుగురు పెద్దలు, పిల్లలు కలిసి మూడు రోజులకు మించి ఉండేటప్పుడు ఇల్లు గురించి ఆలోచించడం మేలు.

మేం సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందే ఇల్లు చేరాం. పనుల కాగితం ఢిల్లీలోనే ఉండిపోయింది. అయినా ఆదివారం ఉప్మా ఇప్పటికీ మా ఆయనే చేస్తారు. ఉండలు కట్టడం తగ్గింది.

మీరు కుటుంబంతో ఊరికి బయలుదేరేముందు ఒక కాగితం తీసుకోండి. మీలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ఎవరో, రాత్రి ఎక్కువసార్లు లేచేవారు ఎవరో, రోజూ అందరికన్నా ముందు నిద్రలేచి పనిచేసేవారు ఎవరో రాయండి. ఆ ముగ్గురికీ ఏం కావాలో అడిగి తెలుసుకోండి. అద్దె ఎంతో అడగడం ఆ తర్వాత.